పెండ్లి వీడియోల కర్ణాకర్ గొంతు

స్వరూపది దుబ్బాక. తండ్రి మగ్గం మీద తువ్వాలలు నేస్తే తల్లి కండెలు చుట్టేది. బడి ఇడిసిన కాడికెళ్లి స్వరూప ఒళ్లె బీడీల చాట పెట్టుకొని పెరిగింది. చిన్నప్పటి సంది మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. సిద్దిపేటల పెండ్లి వీడియోలు తీసే కర్ణాకర్‌కు ఇచ్చి చేసిన్రు. పీటల మీద కూసున్న పెండ్లికొడుకే కెమెరాయనకు లైటు ఎటు పెట్టాలెనో చెప్పుకుంట కూసున్నడని దుబ్బాకల శానొద్దులు చెప్పుకొని నవ్విన్రు.

కర్ణాకర్ బయట ఒక తీరు, ఇంట్ల ఒక తీరు. పెండ్లిళ్లల్ల ఆయన నోరు మూతపడదని అందరు అనేటోళ్లు. ఇంటికొస్తే మాత్రం ముందటర్రల కంప్యూటర్ పెట్టుకొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని తీసిన వీడియోలు కత్తిరిచ్చి, పాటలు కలిపి మిక్సింగు చేసుకుంట కూసునేటోడు. "అన్నం పెట్టు", "పిల్ల పండుకున్నదా", గంతే. స్వరూప దానికి బాధ పడలే. ఇద్దరం మాటలు లేనోళ్లమే జతైనం అనుకున్నది. ఒక్కతే బిడ్డ ప్రసూన, మూడో తరగతి. అత్త బాలవ్వ వీళ్లతోనే ఉండేది. బావ రాజనర్సు, కర్ణాకర్ అన్న, మిరుదొడ్డిల ఎరువుల దుకాణం నడిపే వెంకటనర్సయ్య సేటు దగ్గర గుమస్తా.

ఎండకాలం. పెండ్లిళ్ల జోరు. సేటు బిడ్డ సౌమ్య పెండ్లి వీడియో కర్ణాకర్‌కే వచ్చింది. రాజనర్సే ఇప్పిచ్చిండు. పెండ్లయిన తెల్లారి కర్ణాకర్ ఇంటికొచ్చి, కెమెరా కార్డులల్ల ఉన్నదంత కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. వచ్చే పెండ్లికి కార్డులు ఖాళీ చేసి పెట్టుకున్నడు. చాయ తాగి, కిరాయికి తెచ్చిన లైట్లు బండికి కట్టుకొని దుబ్బాకకు బయలెల్లిండు. దారిల టిప్పర్ గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయిండు. ఫోను నుజ్జునుజ్జయింది.

మూడో నాడు పోయినోని పేరున పిట్టకు ముద్ద పెట్టి, తానాలు చేసి ఇంటికొచ్చేసరికి వాకిట్ల కారు ఆగి ఉన్నది. వెంకటనర్సయ్య సేటు, ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి దిగి నిలబడ్డరు. ఆమె స్వరూప చెయ్యి పట్టుకొని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. కండ్లు తుడుసుకొని, అదే గొంతుతోని, "అయ్యింది అయిపాయె బిడ్డా. మా సౌమ్య పెండ్లి అండ్లనే ఉన్నది గదా, జర తీసియ్యిన్రి" అన్నది.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉన్నది. అదేందో స్వరూపకు తెల్వది. ఆమె దాన్ని తుడిసేటప్పుడు తప్ప ముట్టలే.

రాజనర్సు కుర్చీల కూసున్నడు. పిట్టకు వచ్చిన సుట్టాలు గూడ పోకుంట అర్రల నిండిన్రు.

"నీ పేరు కొడుతున్న స్వరూపా" అన్నడు బావ. కొట్టిండు. తెరుసుకోలే.

"ప్రసూన పేరు కొట్టున్రి" అన్నది స్వరూప. అదీ కాలే. పెండ్లి తారీఖు కొట్టిండు, బండి నంబరు కొట్టిండు, పిల్ల పుట్టిన దినం కొట్టిండు. ప్రతిసారి ఆ పెట్టె తప్పని చెప్పుడే. ఎనుకకెళ్లి ఎవరో, "ఇంకెవల పేరన్న పెట్టుకున్నడో ఏమో" అన్నరు. ఇద్దరు ముగ్గురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నరు.

బాలవ్వ ముంగటికొచ్చింది. "నా కొడుకు నా పేరే పెట్టుకుంటడు. కొట్టుర" అన్నది. రాజనర్సు తల్లి పేరు కొట్టిండు. కాలే. మల్ల కొట్టిండు. కాలే. బాలవ్వ జరంతసేపు ఆ తెర దిక్కే చూసి, గిర్రున కోడలి మీదికి తిరిగింది.

"ఇన్నేండ్లు పక్కల పండుకుంటివి. మొగని కడుపుల ఉన్న ఒక్క మాట తెల్సుకోలేకపోతివా? ఏం సంసారమే నీది?"

 సేటు గడియారం చూసుకొని, "రేపటికల్ల ఏదన్న చెయ్యిన్రి. వియ్యాలవారు అడుగుతున్రు" అని కారెక్కిండు.

తెల్లారి రాజనర్సు నాగేశ్‌ను తోలుకొచ్చిండు. నాగేశ్‌ది బస్టాండు కాడ కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. కర్ణాకర్‌తోని చాయ తాగిన దోస్తే. సేటు, స్వరాజ్యలక్ష్మి గూడ వచ్చి కూసున్నరు.

"పాస్‌వర్డ్‌తోని పనే లేదు వదినా. డిస్కు ఇప్పి నా లాప్‌టాప్‌కు తగిలిస్త, అన్నీ కనవడుతయి" అన్నడు నాగేశ్.

"గట్ల చేస్తే గా మాటేందో తెలుస్తదా తమ్మీ?" అని అడిగింది స్వరూప.

"తెల్వది. తాళం తీసుడు కాదిది. గోడ కూలగొట్టి లోపటికి పోవుడు."

ఆమె తల ఊపింది. రాత్రి అంత ఆమె ఆ మాట గురించే ఆలోచన చేసింది. ఎవ్వల పేరైనా సరే, తెలిస్తే చాలనుకున్నది. ఇగ అది తెలిసేది లేదు.

నాగేశ్ మరలు ఇప్పి, వైరు తగిలిచ్చి, సౌమ్య పెండ్లి తెరిసిండు. పెండ్లికూతురును చేసేది తెర మీదికొచ్చింది. దాంతోపాటే అర్ర నిండ కర్ణాకర్ గొంతు మోగింది.

"అమ్మా, జర గిటు సూడు. గంత భయమెందుకు, నేను కెమెరా పట్టుకున్న గని కత్తి పట్టుకోలే. పెదనాయనా, నవ్వకున్నా మంచిదే, కండ్లన్న తెరువున్రి. ఏ పెద్దవ్వా, నువ్వు పక్కకు జరిగితే పెండ్లిపిల్లను ఎవ్వలు చూడరు, ఈడనే ఉండు."

తలుపు కాడ నిలబడ్డ స్వరూప లోపటికొచ్చి నేల మీద కూసున్నది. ఆ గొంతు ఆయనదే. ఆ మాటలు మాత్రం ఆమె ఎన్నడు ఇనలే. మిక్సింగుల మాటలన్ని తీసేసి పాటలు పెట్టేటోడు, పని అయిపోంగనే అసలుది తుడిపేసేటోడు. ఎవ్వలింట్ల చూసినా ఆయన తీసిన బొమ్మలే ఉన్నయి, ఆయన గొంతు లేదు. ఇంట్ల ఆయన ఫోటోలు రెండే. స్వరూపది ఒత్తుడు బటన్ల ఫోను. ఆయన గొంతంటూ ఇగ మిగిలింది ఈ డిస్కుల ఉన్న ఈ ఒక్క పెండ్లిలనే.

తెర మీద సౌమ్య గాజులేసుకుంట, నవ్వుకుంట అడిగింది. "అన్నా, ఇంట్ల వదినను గూడ గిట్లనే నవ్విపిస్తవా?"

జరంతసేపు సప్పుడు లేదు. మల్ల కర్ణాకర్ గొంతు. "ఆమెనా? ఆమెను నవ్విపిచ్చుడు నాతోని కాదమ్మా. ఎన్నేండ్లయిందో, ఇడిసిపెట్టిన."

తెర మీద పెండ్లిపిల్ల, ఆమె దోస్తులు పడిపడి నవ్విన్రు. నాగేశ్ తల వంచుకున్నడు.

"ఇన్నవా? చచ్చినోడు చెప్పిపోయిండు నీ సంగతి" అన్నది బాలవ్వ.

స్వరూప మొఖం వేడెక్కింది. అయినా ఆమెకు అప్పుడు తోచింది ఒక్కటే. ఆ నోట తన గురించి వచ్చిన మాట అదొక్కటే ఉన్నది. ఇంకోటి రాదు.

నాగేశ్ అంత సేటు తెచ్చిన కొత్త డిస్కుల ఎక్కిచ్చిండు. సేటు దాన్ని సంచిల పెట్టుకొని, "ఇగ ఈడున్నది తుడిపెయ్యిన్రి" అన్నడు.

"ఔ బిడ్డా" అన్నది స్వరాజ్యలక్ష్మి. "చీర కట్టుకునేటివి, తయారయ్యేటివి అన్ని ఉన్నయండ్ల. అత్తగారింటికి పోయిన పిల్ల. రేపు ఎవడన్న ఫోన్లల్ల పెడితే మా గతేంగాను?"

అది తప్పు మాట కాదు. స్వరూపకు గూడ తెల్సు. నేల మీదికెళ్లి లేసి, సేటు ముంగట చేతులు జోడిచ్చింది. "అన్నీ తీసెయ్యిన్రి సేటు. ఆ గొంతు ఒక్కటి ఉంచున్రి. బొమ్మ వద్దు, మాట ఉంటే చాలు. నా బిడ్డ ఇంటది."

"బొమ్మ లేకుంట మాట ఒక్కటే తియ్యొచ్చు, ఎంతసేపు పట్టదు" అన్నడు నాగేశ్ మెల్లగ.

సేటు మొఖం గట్టిపడ్డది. "పెండ్లయిన తెల్లారే పెండ్లి తీసినోడు పాయె. వియ్యాలవారు అప్పుడే అపశకునమంటున్రు. ఇంకా ఆ గొంతు మా బిడ్డ పేరు పిలుసుకుంట మీ ఇంట్ల ఉండాల్నా? మాకు వద్దు, మీకూ వద్దు."

"సేటు..."

"రాజనర్సూ, చెప్పు మీ మరదలుకు."

రాజనర్సు సేటు దిక్కు చూసిండు, మరదలు దిక్కు చూడలే. "పెద్దోళ్లతోని పట్టింపెందుకు స్వరూపా. ఉన్నా ఆ మాటలు ఇని ఏం బాగుపడుతవు? ఇప్పుడు ఇంటివి గదా ఏమన్నడో."

నాగేశ్ తుడిపెయ్యబోతే సేటు ఆపిండు. "నువ్వు కాదు. ఆమెతోనే చేపియ్యి. రేపు మేం బలిమికి చేపిచ్చినమనద్దు."

నాగేశ్ లేసి కుర్చీ ఇచ్చిండు. ఏ బటను ఒత్తాలెనో వేలుతోని చూపెట్టిండు. స్వరూప ఆ కుర్చీల కూసునుడు అదే మొదటిసారి. తెర మీద చిన్న డబ్బాల తీరు బొమ్మలున్నయి. ఒక్కో దాంట్ల ఆయన మాట్లాడుతుండు. ఆమె ఏలు బటను మీద పెట్టి అట్లనే కూసున్నది.

"ఒత్తవే. ఒత్తి పీడ ఇడిపిచ్చుకో" అన్నది బాలవ్వ.

ఒత్తింది. నిజంగనే తీసెయ్యాల్నా అని కంప్యూటర్ మల్ల ఒకసారి అడిగింది. ఆ గదిల అట్ల అడిగింది అదొక్కటే. ఆమె మల్ల ఒత్తింది.

వారం తిరగకముందే రాజనర్సు ఆ కంప్యూటర్‌ను దుబ్బాకల ఒక స్టూడియో ఆయనకు అమ్మేసి వచ్చిండు. దినాల ఖర్చుకన్నడు. ముందటర్ర వేరేటోళ్లకు కిరాయికిచ్చిన్రు. స్వరూప మల్ల బీడీల చాట పట్టుకున్నది.

వానకాలంల ప్రసూన బడికి ఆధార్ కాయితం ప్రింటు కావాల్సొస్తే ఆమె నాగేశ్ దుకాణానికి పోయింది. ఆయన ప్రింటు తీసిచ్చి, ఏదో మాట కలపాల్నని, "గా కంప్యూటర్ ఎవ్వలకు అమ్మిన్రు వదినా?" అని అడిగిండు. చెప్పింది.

"అయ్యో, ఉంచుకోవాల్సింది. తుడిపేసినా అండ్ల ఉంటయి. మీద కొత్తవి పడేదాంక అడుగున ఉంటయి. సాఫ్ట్‌వేర్ పెట్టి లేపొచ్చు. నేనే లేపిచ్చేటోన్ని" అన్నడు.

స్వరూప కాయితం మడిచి చేతుల పట్టుకున్నది. "ఆ దినం నీకు తెల్సునా?"

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

నాగేశ్ కౌంటరు మీద చెయ్యితోని రాసుకుంట, "సేటు ముంగట ఎట్ల చెప్పాలె వదినా? ఆయన మనుషుల కంప్యూటర్లన్ని నా దగ్గరికే వస్తయి. తర్వాత చెప్పుదామనుకున్న. మీరు వస్తరనుకున్న" అన్నడు.

ఆమె సీదా బస్టాండుకు పోయి దుబ్బాక బస్సెక్కింది. స్టూడియో ఆయన మంచోడే. కుర్చీ ఏసి కూసోపెట్టి, డిస్కు తెరిసి చూపెట్టిండు. సందు లేకుంట నిండి ఉన్నది. "ఇప్పటికే రెండుసార్లు నింపి ఖాళీ చేసిన అక్కా. ఇగ అడుగున ఏం మిగలదు" అన్నడు. తెర మీద ఎవ్వలదో కొత్త పెండ్లి నడుస్తున్నది.

ఇంకోటి మిగిలిందని బస్సుల కూసున్నంక యాదికొచ్చింది. సేటు సంచిల పెట్టుకపోయిన డిస్కు. తెల్లారి మిరుదొడ్డికి పోయింది.

స్వరాజ్యలక్ష్మి బయటనే అరుగు మీద కూసోపెట్టింది. సంగతి ఇని, "అయ్యో, హైదరాబాదుల మిక్సింగు చేసినాయనకు ఇచ్చినం. అసలుది ఉంచొద్దని మీ సేటే చెప్పిండు, తుడిపేపిచ్చినం" అన్నది. ఆమె కోపంతోని అనలే. మంచిగనే అన్నది. "వీడియో మాత్రం ఎంత మంచిగొచ్చిందో. వచ్చినవు గదా, చూసిపో" అని కిటికీ తెరిసి, లోపటి టీవీ అరుగుకు కనవడేటట్టు పెట్టింది.

స్వరూప కిటికీలకెళ్లి చూసింది. అన్ని పాటలే. సన్నాయి, డోలు, ఎవ్వలో పాడిన పాట. సౌమ్య గాజులేసుకుంట పెదవులు కదిలిచ్చి ఏదో అడిగింది. జరంతసేపాగి, తల ఎనుకకేసి పడిపడి నవ్వింది. మీది పాట ఆగలే.

"ఏందో గాని, ఈడ మస్తు నవ్వింది మా పిల్ల. ఎందుకు నవ్విందో ఏమో" అన్నది స్వరాజ్యలక్ష్మి మురుసుకుంట.

స్వరూప చెప్పలే. "పోయొస్త" అని లేసింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాన్నం దాటింది. బాలవ్వ బీడీల ఆకు తడుపుతున్నది. ప్రసూన ఎదురు ఉరికొచ్చి, "బాపు మాట దొరికిందానే అమ్మా?" అని అడిగింది.

"దొరకలే."

"నువ్వు మంచిగ అడగలేవు. నీకు మాట్లాడ రాదు. ఈసారి నన్ను తోలుకపో, నేనడుగుత."

స్వరూప చెయ్యి ఎప్పుడు లేసిందో ఆమెకే తెల్వదు. చెంప మీద పడ్డ దెబ్బకు పిల్ల గోడకు తగిలింది. అప్పటిదాంక బిడ్డను ఆమె ఎన్నడు కొట్టలే.

బాలవ్వ తలెత్తి చూసి, మల్ల ఆకు తడుపుకున్నది. ప్రసూన చెంప పట్టుకొని తల్లి దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఏడ్వలే. స్వరూప గూడ ఏడ్వలే. గోడకు కూసొని చాట ఒళ్లెకు గుంజుకొని, కత్తెర తీసుకొని ఆకు కత్తిరిచ్చుడు మొదలువెట్టింది.