సెన్సార్ లేకుండ నడిచిన కారు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. నేను కామారెడ్డిల కార్ల మెకానిక్‌ను. బండి ఆగిందంటే దానికో కారణం ఉంటది. స్కానర్ తగిలిస్తే కోడ్ చూపిస్తది, ఆ కోడ్ పట్టుకొని పోతే జబ్బు దొరుకుతది. ఇన్నేండ్లల్ల ఒక్క దినం మాత్రం అట్ల కాలేదు.

2012 ఎండాకాలం. ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె నుంచి సాయవ్వ ఫోన్ చేయించింది. ఆమె పెనిమిటి బాలయ్య కిరాయిలకు కారు నడిపేటోడు, నాకు పాత గిరాకీ. రెండు నెలల కింద గుండె ఆగి చనిపోయిండు. అప్పటిసంది కారు ఇంటి ముందరనే ఉన్నది. బిడ్డ రేణుక కాన్పుకు వచ్చింది, అల్లుడు దుబాయిల ఉన్నడు. అవసరానికి కారు నడిచేటట్టు చేసి పొమ్మన్నది.

పొద్దున పోయిన. తాళం తిప్పితే ఇంజిన్ గిర్రుమంటున్నది గాని అందుకుంటలేదు. స్కానర్ పెడితే క్రాంక్ సెన్సార్ కోడ్ వచ్చింది. ఇంజిన్ తిరుగుతున్నదని బండిల ఉండే కంప్యూటర్‌కు చెప్పే చిన్న ముక్క అది. అది చెప్పకపోతే డీజిల్ రాదు, ఇంజిన్ లేవదు. విప్పి చూస్తే దాని వైరు తెగి ఉన్నది. పాతదాన్ని గుడ్డల చుట్టి అంగీ జేబుల వేసుకున్న. నేను వెంట తెచ్చిన కొత్తది సీలు విప్పని పాకెట్ల, డ్యాష్‌బోర్డు మీద ఉన్నది.

అంతట్లనే ఇంట్ల నుంచి రేణుక కేక వినబడ్డది. ఊరి నర్సమ్మ ఉరికొచ్చింది. కడుపుల పిల్ల అడ్డం తిరిగింది, జల్ది కామారెడ్డికి తీసుకపోవాలె అన్నది. ఆంబులెన్సు ఇంకో ఊరికి పోయిందట.

"బండి అయిందా కొడుకా?" అని సాయవ్వ అడిగింది.

"అయింది అవ్వా, ఎక్కుండ్రి."

అట్ల ఎందుకన్ననో నాకు తెల్వదు. ఆమె మొఖం చూసినంక వేరే మాట రాలేదు. బానెట్ దించిన, కూసున్న, తాళం తిప్పిన. ఒక్క తిప్పుకే ఇంజిన్ లేచింది. కొత్త సెన్సార్ ఎక్కియ్యలేదన్నది ఆ తొందరల నాకు యాదికే రాలేదు.

లింగంపేట దాటినం, తాడ్వాయి దాటినం. బండి ఎక్కడా ఆగలే, ఒక్కసారి కూడ దగ్గలే. గుంతలు వచ్చినప్పుడు నేను బ్రేకు తొక్కకముందే నెమ్మదైనట్టు అనిపించింది. ఎనక సీటుల రేణుక, "మెల్లగ పో బాపూ" అన్నది. బాపు అని ఆమె తండ్రిని పిలిచేది, పొద్దటిసంది నన్ను అన్నా అనే పిలిచింది. నొప్పులల్ల ఏమంటున్నదో ఆమెకే తెల్వదనుకున్న.

హాస్పిటల్ గేటు ముందర దింపి ఇంజిన్ బంద్ చేసిన. గంట లోపలనే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసిండ్రు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోదురని డాక్టరమ్మ అన్నది.

బండిని పక్కకు పెడ్దామని వచ్చి తాళం తిప్పితే లేవలేదు. స్కానర్ పెట్టిన. పొద్దటి కోడే. బానెట్ ఎత్తిన. సెన్సార్ ఉండాల్సిన జాగ ఖాళీగ ఉన్నది, వైరు కొస ఉత్తగ వేలాడుతున్నది. జేబుల చెయ్యి పెడితే పాతది గుడ్డలనే ఉన్నది. కొత్త పాకెట్ సీలు అట్లనే ఉన్నది. పోయి హాస్పిటల్ మెట్ల మీద కూసున్న.

తర్వాత నాకు పని నేర్పిన ఉస్తాద్‌ను అడిగిన. "లేవనే లేవదు. నువ్వే ఏదో మర్చిపోయినవ్" అన్నడు. అదే రకం బండి షెడ్డుకు వస్తే సెన్సార్ తీసి పదిసార్లు తాళం తిప్పిన. ఒక్కసారి కూడ లేవలేదు.

సాయవ్వకు చెప్పిన. ఆమె ఆశ్చర్యపోలేదు. మనుమరాలిని జోకొట్టుకుంటనే, "బిడ్డను కాన్పుకు నా బండిలనే తీసుకపోత అని ఆయన ఊరందరికీ చెప్పేటోడు" అన్నది.

ఆ కారు ఇప్పటికీ సర్వీసుకు నా దగ్గరికే వస్తది. బానెట్ ఎత్తే ముందు దాని మీద ఒక్క ఘడియ చెయ్యి పెడుత. ఆ దినం అది ఎట్ల నడిచిందో మాత్రం నాకు ఇంకా తెల్వదు.