ట్రాక్టరు తిప్పే చోట కుర్చీ

ఊళ్లు పట్టి తిరిగినవాడికి ఒక పాడు అలవాటు అబ్బుతుంది. పొలం గట్టు చూసి పొలం మనిషిని తూచేస్తాడు. నేనూ అంతే. బస్సు కిటికీలోంచి గుమ్మడక్క పొలం మొదటిసారి చూసినప్పుడు, చుట్టుపక్కల పొలాలన్నీ నూనె రాసి దువ్విన తలల్లా ఉంటే, ఆ ఒక్క పొలం అంచున మాత్రం మోకాలెత్తు పిచ్చిమొక్కలు, ఎండు కాడలు, అక్కడక్కడ పసుపచ్చ పూలు. ఎవరో బద్ధకస్తులు అనుకున్నాను. సాయంత్రానికి నాకు అద్దెకు దొరికిన గది ఆ బద్ధకస్తురాలిదే. పనిముట్ల కొట్టు మీద గది, ఒక మంచం, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఆ పిచ్చిమొక్కలే.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకు చూద్దును కదా, ఆవిడ గుమ్మడి తీగల మధ్య మోకాళ్ల మీద పాకుతోంది. యాభై ఆరేళ్ల మనిషి. ఒక మగపువ్వు తెంపి, రేకులు వలిచేసి, మధ్యలో మిగిలిన పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెల్లగా తిప్పి, ఇంకో తీగ దగ్గరికి జరుగుతోంది.

“ఏం చేస్తున్నావమ్మా?” అని కిటికీలోంచి అరిచాను.

“తేనెటీగలు చేయాల్సిన పని, బాబాయ్‌గారూ. వాటికి రెక్కలున్నాయి, నాకు మోకాళ్ల నొప్పులున్నాయి. అంతే తేడా.”

గుమ్మడి ఆడపువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు పుప్పొడి మోసుకు రావాలి. రాకపోతే పువ్వు కింద బొటనవేలంత పిందె పసుపెక్కి రాలిపోతుంది. అప్పటికి రెండేళ్లుగా ఆమె కాపు అలాగే పోయింది. రాలిన పిందెల్ని ఏరి, స్టీలు పళ్లెంలో పోసి, భోజనాల బల్ల మీద నడిమధ్యన పెట్టేది. మోటార్లు బాగుచేసే ఆమె భర్త ఆ పళ్లెం చుట్టూ చెయ్యి తిప్పి ఉప్పు అందుకునేవాడు.

పొలం మూలన కూలిన మోటారు కొట్టు ఒకటి ఉంది. దాని చుట్టూ ఎన్నో ఏళ్లుగా ఎవరూ దున్నలేదు, మందు కొట్టలేదు. ఆ పక్క తీగలకు మాత్రం కాయలు నిలిచాయి. ఎందుకు నిలిచాయో తెలుసుకోవాలని ఒక పీట వేసుకుని నాలుగు పొద్దుటిపూటలు అక్కడే కూర్చుందిట. మట్టిలో పెన్సిలు పట్టేంత బొరియలు కనిపించాయి. వాటిలోంచి ఈగలు వచ్చి, దులుపుకుని, నేరుగా గుమ్మడి పూలలోకి వెళ్లాయి.

ఇక్కడ నాకు ఒక పాత కోపం గుర్తొస్తుంది. తేనెటీగ అనగానే రాజ్యం, రాణి, సైనికులు అంటూ బొమ్మలు వేసిన పుస్తకాల్ని నేను రేవు పట్టణాల గ్రంథాలయాల్లో కుప్పలుగా చూశాను. నిజానికి తేనెటీగల్లో చాలా జాతులు ఒంటరివి. రాణీ లేదు, పట్టూ లేదు, మనం పిండుకోడానికి తేనే లేదు. ఒక్కో తల్లి ఒక్కో బొరియ తవ్వుకుని, పుప్పొడి ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి పోతుంది. పిల్ల మరుసటి ఏడాది బయటికొస్తుంది. ఈలోగా ఎవరైనా నేల లోతుగా దున్నితే కథ ముగిసినట్టే. ఇది చెబితే అందరూ అడిగేది ఒక్కటే. “మరి తేనె ఎంతొస్తుంది?” ఆ ప్రశ్నకు గుమ్మడక్క ఒళ్లు మండేది. “కాయ వస్తుందయ్యా, కాయ! తేనె కావాలంటే కొట్టుకెళ్లి కొనుక్కో!”

సరే, ఆమె పొలం అంచున ఆరడుగుల పట్టీ వదిలేసింది. దున్నదు, కోయదు. పూసేది పూయనీ, ఎండేది ఎండనీ. అందులో ఈగలు కాపురం పెడితే తన మోకాళ్లకు విశ్రాంతి. ఆమె కోరింది అంతే.

అడ్డొచ్చినవాడు మరిది. మనిషి చెడ్డవాడైతే ఇంత రాయాల్సిన పనే లేదు. ఆమె ఆ ఇంటికి వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి బడికి పంపిన చెయ్యి ఈమెదే. ఇప్పుడు నలభై అయిదేళ్ల ట్రాక్టరు ఆసామి. అతను దున్నిన నేల అంత నున్నగా ఉంటుందని ఊళ్లో అతన్ని ‘అద్దం’ అని పిలుస్తారు.

నేనున్న మొదటి ఏడాదే, ఆమె కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు చూసి, ఆ పట్టీ మొత్తం మట్టిని పిండి చేసే రోటావేటరుతో తిప్పేశాడు. సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చాడు.

“వదినా, మోకాళ్ల నొప్పులతో నీకు వీలు కావట్లేదని నేనే చేసేశా. చూశావా?”

ఆమె చూసింది. చేతిసంచీ కింద పెట్టలేదు. “ఏరా, అడగాలనిపించలేదా?”

“అడిగితే వద్దంటావ్. నువ్వెప్పుడూ అంతేగా, మొహమాటం!”

మరుసటి ఏడాది నేను మళ్లీ వెళ్లేసరికి పట్టీ చివర చెక్క బోర్డు పాతి ఉంది. ‘ఇక్కడ దున్నవద్దు.’ అక్షరాలు భర్తవి, మోటార్ల మీద నెంబర్లు రాసే ఎర్ర రంగుతో. అద్దం బోర్డుకు బుద్ధిగా కట్టుబడ్డాడు. దున్నలేదు. కలుపు మందు కొట్టాడు.

“దున్నొద్దన్నావ్, దున్నలేదు. ఇంకేం కావాలి?” అన్నాడు, వాడిపోయిన పూల పక్కన నిలబడి.

“నా తల కావాలి! అదీ తీసుకుపో!”

“అది కాదు వదినా, ఊళ్లో అందరూ నన్నే అడుగుతున్నారు. మీ వదిన పొలానికి ట్రాక్టరు దొరకలేదా అని. నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నేలలో పెట్టుకో. నా ఈగలు అక్కడే పెట్టుకుంటాయి.”

భర్త తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. అది పొరపాటు. ఆ పూట అతనికి పిందెల పళ్లెమే వడ్డించింది.

మూడో ఏడాది ఆమె ఎత్తు మార్చింది. అద్దానికి మొక్కలంటే పగ లేదు, వంకరంటే పగ. అందుకని తాడు కట్టి, మేకులు కొట్టి, ఆ పిచ్చిమొక్కల విత్తనాల్నే వరసల్లో చల్లింది. గీత గీసినట్టు పది వరసలు. విత్తుతున్నంతసేపూ పళ్లు పటపట కొరుకుతూనే ఉంది. “కలుపు మొక్కకి కూడా యూనిఫాం తొడగాల్సొచ్చింది, బాబాయ్‌గారూ. ఇంక ప్రార్థన ఒక్కటే నేర్పాలి.”

ఎత్తు పారింది. అద్దం ట్రాక్టరు మీదొచ్చి, వరసల్ని చూసి, రోటావేటరు పైకెత్తి పక్కనుంచి పోయాడు. “ఏం పంట వదినా? భలే నీటుగా వేశావే!” అని మెచ్చుకున్నాడు కూడా.

పూలొచ్చాయి. ఈగలూ వచ్చాయి. ఎక్కణ్నుంచి వస్తున్నాయో వెతకడానికి ఆమె మోకాళ్ల మీద వరసల మధ్య గాలించింది. ఒక్క బొరియ లేదు. మూడో రోజు పొద్దున నన్ను కేకేసింది. పొలం కొసన, అద్దం పక్కనున్న తన పొలం దున్నుతూ ట్రాక్టరు మళ్లించుకునే చోట, చక్రాలు తొక్కి తొక్కి గట్టిపడ్డ బోడినేల మీద, ముప్ఫై పైగా బొరియలు. కూలిన కొట్టు దగ్గరుండేది కూడా అలాంటి గట్టి బోడినేలే. ఆమె మూడేళ్లుగా కాపాడుతున్నది పూలను. ఈగలు ఇంటికి చోటు చూసుకున్నది మాత్రం వాడి చక్రాల కింద.

ఆమె నవ్వలేదు. “అంత పొలంలో మీకింకో చోటే దొరకలేదా?” అని ఈగల్ని తిట్టింది. ఇంట్లోకెళ్లి, వంటగదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, బొరియలకు ఇవతల, ట్రాక్టరు దారికి సరిగ్గా అడ్డంగా వేసుకుని కూర్చుంది.

తొమ్మిదింటికి ట్రాక్టరు వచ్చింది. వెనక రోటావేటరు తిరుగుతోంది.

“వదినా, లే. తిప్పుకోవాలి.”

“లేవను.”

“ఎంతసేపు?”

“పూత అయ్యేదాకా.”

“నెలన్నర! పిచ్చిగానీ పట్టిందా? నేనెక్కడ తిప్పుకోను?”

“తిప్పుకోకు. రివర్సులో పో.”

“రివర్సులో పోతే గీత వంకరపోతుంది వదినా!”

“పోనీ.”

అతను ఇంజను ఆపి దిగాడు. ఆమె వేలితో చూపించింది. వంగి చూశాడు. ఒక ఈగ కాళ్ల నిండా పసుపు పొడితో అతని బూటు మీద వాలి, తప్పుకుని, బొరియలోకి దూరింది. “దీనికోసమా?” అన్నాడు. మూడేళ్లుగా ఆమె చెబుతున్నది అదే మరి.

చివరికి ఎక్కి కూర్చుని, మెడ వెనక్కి తిప్పి, తన పొలం పొడవునా వెనక్కే వెళ్లాడు. అద్దం జన్మలో మొదటిసారి వంకర గీత గీశాడు. అది రోడ్డు మీదికి కనిపిస్తోంది. అక్కడ ఇద్దరు సైకిళ్లు ఆపి చూస్తున్నారు.

“గెలిచావమ్మా,” అన్నాను.

“ఏం గెలుపు, బాబాయ్‌గారూ? రేపు నేను స్నానానికి వెళ్లే టైం చూసుకుని వస్తాడు. నా మీద జాలితో నేల మెత్తగా తిప్పేసి పోతాడు.” కుర్చీని ఒక అడుగు ముందుకు లాక్కుంది. “మంచివాడు కదా. ఊరుకోడు.”