ముగ్గు గీతల గది

మా ఆయన పోయాక ఇంట్లో మాటన్నదే లేదు. ఫ్యాక్టరీలో పనికి వచ్చే ఏ జంటకైనా కిరాయికిద్దామని పెరట్లో ఒక గది కట్టాలనుకున్నాను. మేస్త్రీ నిన్ననే గోడలు వచ్చే చోట సున్నంతో ముగ్గు పోసి వెళ్లాడు. అనుమతి కోసం ఇవాళ మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే, ప్లాన్ చూసిన ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు.

"ప్లాటుల ఇంతవరకే కట్టాలె అమ్మా. మిగిలిన జాగ ఖాళీ ఇడ్సిపెట్టాలె."

"పైసల కోసం గాదు సార్. జెర మనిషి సప్పుడు ఉంటదని."

"గా కాలమ్ ఈ ఫారంల లేదమ్మా," అన్నాడు, పాపం మెల్లగానే.

ఇంటికొచ్చి, తలుపు కోసం మేస్త్రీ వదిలిన సందులోంచే ఆ గదిలోకి వెళ్లి, కుర్చీ వేసుకుని టీ తాగాను. గీత తొక్కబుద్ధి కాలేదు. వానకు ముగ్గు చెరిగేదాకా సాయంత్రాలు అక్కడే. దీనికీ పర్మిషన్ కావాలా? తెలిసినవాళ్లు చెప్పండి.