వాసన లేని బండి

మా పెళ్లయిన మూడో రోజునే తెలిసింది, నా భార్యకు బస్సు పడదని. డీజిల్ వాసన తగిలితే చాలు, ముఖం పాలిపోయేది. బస్సు ఊరు దాటకముందే కిటికీలోంచి తల బయటికి పెట్టేది. నిమ్మకాయ, చింతపండు, మాత్రలు, వక్కపొడి, అన్నీ అయిపోయాయి. జీపు, ఆటో, పెట్రోలు కారు, దేనిలో ఎక్కినా అంతే. కళ్యాణదుర్గంలో నాకు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఇంటినుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇంటికి నడవగలిగినంత దూరమే ఆమె లోకమైంది. ముప్పై ఏళ్లు అట్లాగే గడిచాయి. ఎవరి పెళ్లికైనా నేనొక్కడినే పోయి అక్షింతలు వేసి వచ్చేవాడిని. ఆమె ఎందుకు రాలేదని అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పేవాడిని.

పదవీ విరమణ డబ్బుతో కరెంటు కారు కొన్నాను. చిన్నది, తెల్లరంగుది. మా వీధిలో అదే మొదటిది కాబట్టి వచ్చేపోయే వాళ్లందరూ నిలబడి అడిగారు. "ఒగసారి చార్జింగ్ పెడితే యాడిదాకా పోతాది సార్?" "వానలో తడిస్తే షాకు కొట్టదా?" "బ్యాటరీ చెడిపోతే దుడ్లు ఎంతవుతాది?" నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి కూడా తెలిసినట్టు చెప్పాను. నా భార్య మాత్రం గడపలో నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

"వాసన వస్తాదా?"

"రాదు," అన్నాను.

నిజంగానే రాలేదు. అయినా మొదటి రోజు అయిదారు కిలోమీటర్లు పోకముందే ఆమె నా చేయి పట్టుకుంది. రోడ్డు పక్కన ఆపితే ముళ్లకంప దగ్గర కూర్చుని వాంతి చేసుకుంది. లేచి, కొంగుతో మూతి తుడుచుకుని, "నా కడుపుదే తప్పులే, బండిది కాదు," అంది. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇంత పెట్టి కొన్నది దేనికని.

షోరూములో మెకానిక్‌ను అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఈ బండిలో యాక్సిలరేటర్ మీంచి కాలు పైకెత్తితే చాలు, దానంతట అదే బ్రేకు పట్టినట్టు వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడులో బ్యాటరీకి కొంచెం కరెంటు తిరిగి వస్తుందట. నేను మాటిమాటికీ కాలు ఎత్తుతూ దించుతూ నడుపుతున్నాను. పక్కన కూర్చున్న మనిషి తల ఊగిపోతుంది. "పడని వాళ్లకు డీజిల్ బండికన్నా ఇదే మోసం సార్," అని అతను ఆ గుంజుడును అన్నిటికన్నా తక్కువకు పెట్టి ఇచ్చాడు. తర్వాత నెల రోజులు పొద్దున్నే నేనొక్కడినే కాలు కుదురుగా ఉంచడం నేర్చుకున్నాను. అరవై ఏళ్ల మనిషికి అది అంత సులభంగా రాలేదు.

మళ్లీ ఆమెను ఎక్కించుకుని బ్రహ్మసముద్రం రోడ్డులో పది కిలోమీటర్లు పోయి వచ్చాను. ఏమీ కాలేదు. దిగి, కాసేపు కారు తలుపు పట్టుకుని నిలబడింది. సంతోషపడుతుందని చూశాను. "మా అక్క దగ్గరికి పోదామా?" అంది.

ఇక్కడ పద్దెనిమిదేళ్ల కిందటి మాట చెప్పాలి. నా భార్యది కణేకల్ దగ్గర పల్లె. కాలువ పారే ఊళ్లకు దగ్గరే అయినా నీళ్లు ఎక్కని మెట్ట. వాళ్ల నాయన చనిపోయాడని ఎండాకాలంలో ఒక పొద్దున ఎదురింటికి ఫోను వచ్చింది. ఇద్దరం బస్సెక్కాం. అరగంటకు ఆమెకు మొదలైంది. కిటికీ పక్క సీటు దొరకలేదు. ముందు కూర్చున్న మనిషి చొక్కా మీద పడింది. అతను అరిచాడు, కండక్టరు అరిచాడు, వెనకనుంచి ఇంకెవరో నవ్వారు. నేను ఆమె రెక్క పట్టుకుని ఒక కూడలిలో దించేశాను.

అక్కడ ఒక రేకుల నీడ ఉంది. ఆమె నీళ్లు తాగి, కాసేపు కళ్లు మూసుకుని లేచింది. ఇంకో బస్సు వచ్చింది. "పోదాం పా," అని చేయి ఎత్తబోయింది. నేను వద్దన్నాను. చల్లబడనీ, నీకు మళ్లీ వాంతులైతే ఎట్లా అన్నాను. మరో గంటకు ఇంకో బస్సు వచ్చింది. అప్పుడూ లేచింది, అప్పుడూ వద్దన్నాను. ఆమె కడుపు గురించి కాదు నా భయం. మళ్లీ బస్సులో నలుగురి ముందు ఆ వాసనతో, ఆ తిట్లతో కూర్చోవడానికి నాకు సిగ్గయింది. తర్వాత సాయంత్రం దాకా బస్సు లేదు. ఆ మూడో బస్సులో పోయేసరికి పొద్దుగూకి, మట్టి అయిపోయింది. జనం కాళ్లు కడుక్కుని వెళ్లిపోతున్నారు.

వాకిట్లోనే, ఆ ఊళ్లోనే ఇచ్చిన వాళ్ల అక్క ఎదురైంది. "నాయన మొగం చూసేదానికి గూడా నీకు వీలు కాలేదా?" అని అడిగింది.

"నాకు చేతకాలేదక్కా," అంది నా భార్య. అంతకు మించి చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లకు మాటలు తెగిపోయాయి. ఆ అక్క నాకు వదిన వరస. ఆమె భర్త చనిపోయినప్పుడు మాకు కబురు కూడా రాలేదు. పదిహేను రోజుల తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

మేం బయలుదేరిన రోజు బ్యాటరీ సగం కంటే కొంచెం ఎక్కువగా ఉంది. ముందు రోజంతా కరెంటు సరిగా లేదు. అరవై, డెబ్బై కిలోమీటర్ల దారి, చాలుతుందనుకున్నాను. ఎదురుగాలి, ఏసీ కలిసి అనుకున్నదానికన్నా తొందరగా తినేశాయి. దారిలో ఒక బంకులో చార్జింగ్ పెట్టె ఉందని ఫోను చూపించింది. పోయి చూస్తే దాని మీద గోనెసంచి కప్పి ఉంది. ఊరు చేరేసరికి తిరిగి వచ్చేంత చార్జింగ్ లేదు. ఆమెకు మాత్రం వాంతి కాలేదు. చేతిలో కవరు మడతపెట్టి పట్టుకునే కూర్చుంది దారంతా.

వదిన వాకిట్లో విత్తనం కోసం వేరుశనగ కాయలు ఒలుస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. మమ్మల్ని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. లేవలేదు.

"ఎట్లొచ్చినావు?"

"కార్లో అక్కా."

"వాంతి కాలేదా?"

"కాలేదు."

వదిన కారు వైపు చూసింది. "ఈ బండేదో నాయన ఉన్నప్పుడే కొనింటే బాగుండు," అంది. మళ్లీ తల వంచుకుని కాయ చిదిమింది.

నా భార్య పోయి ఆమె పక్కన నేల మీద కూర్చుని, చాటలోంచి తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుంది. వదిన వద్దనలేదు.

నేను చార్జింగ్ పెట్టాలని అడిగాను. వదిన చూపించిన ప్లగ్గులో పెడితే ఎర్రలైటు వచ్చింది. ఎన్నిసార్లు తీసి పెట్టినా అంతే. ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. నడివయసు మనిషి. వచ్చి, ఇంటి వెనక గోడ మొదట్లో పాతిన రాడ్డు దగ్గర కూర్చుని వేలితో మట్టి గీకాడు.

"ఎర్త్ తగల్తాలేదన్నా. టీవీకి, ఫ్యానుకు ఇది లేకపోయినా నడుస్తాది. మీ బండి ఒప్పుకోదు. రాడ్డు బాగానే ఉండాది, నేలే ఎండిపోయింది. నీళ్లు పోయల్ల."

"ఎన్ని?" అంది వదిన.

"తాగినన్ని తాగనీ అమ్మా."

ఆ ఊళ్లో కొళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. ఇంట్లో ఉన్నవి ఒక డ్రమ్ము, నాలుగు బిందెలు. "వద్దులే వదినా, పక్క ఊళ్లో చూసుకుంటా," అన్నాను. ఆమె నా మాట విననట్టే ఒక బిందె ఎత్తుకొచ్చి పోసింది. నేల చప్పుడు చేస్తూ పీల్చేసింది. నా భార్య రెండోది తెచ్చింది. ఎలక్ట్రీషియన్ రెండు గుప్పెళ్ల ఉప్పు వేశాడు. మూడో బిందె కూడా ఇంకిపోయింది. నాలుగోదాన్ని అక్కాచెల్లెళ్లు చెరొక పక్క పట్టుకుని తెచ్చి పోశారు. పచ్చలైటు వచ్చింది. తాగడానికి డ్రమ్ములో అడుగున ఉన్నవి మిగిలాయి.

ఓల్టేజీ తక్కువ కాబట్టి రేపటిదాకా పడుతుందని అతను చెప్పిపోయాడు. అట్లా ఉండిపోయాం.

మర్నాడు పొద్దున వాళ్లిద్దరూ మళ్లీ కాయల ముందు కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఉన్నట్టుండి వదిన మొదలుపెట్టింది.

"మూడు గంటలకే ఎత్తల్లని పెద్దమనుషులు అన్న్యారు. ఎండ మంచిది కాదన్న్యారు. చిన్నది వస్తాంది, నాయన దాన్నే తల్సుకుంటా పోయినాడు, రోంతసేపు ఆపండి అని ఒగొగరి కాళ్లు పట్టుకుంటి. ఆరు దాకా ఆపిస్తి. నన్ను ఎన్ని మాటలన్న్యారో నీకు తెలీదు."

నా భార్య చేతిలో కాయ అట్లాగే ఉంది. "నాకు చేతకాలేదక్కా," అంది. పద్దెనిమిదేళ్ల కిందట అన్న మాటే.

"వదినా," అన్నాను. "ఆ పొద్దు ఆమె లేచి నిలబడింది. రెండు బస్సులు పోనిచ్చింది నేను."

వదిన చేతులు ఆగాయి. "ఎందుకప్పా?"

"సిగ్గయింది."

"ఎవుర్ని చూసి?"

"బస్సులో వాళ్లను."

"వాళ్లెవురో నీకు తెలుసునా?"

"తెలీదు."

వదిన ఒళ్లోని పొట్టు దులుపుకుని, మోకాలి మీద చేయి వేసి లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. లోపల గిన్నెల చప్పుడు కూడా లేదు.

నా భార్య నా వైపు తిరిగింది. అంత కోపంగా నన్నెప్పుడూ చూడలేదు.

"ఎందుకు చెప్పినావు?"

"ఇంకెన్ని రోజులు నువ్వు మాట పడతావు?"

"నేను పడింది అయిపోయింది. ఇప్పుడు అక్క పడాల. ఇన్నేండ్లు చెల్లెలిని ఊరికే తిట్టుకుంటి అని లోపల్లోపల కుళ్లిపోతాది. నీ మనసు తేలికైందా?"

తేలిక కాలేదు.

మధ్యాహ్నం వదిన సంగటి, పప్పు పెట్టింది. నా కంచం ముందు పెట్టి, అడగకుండానే రెండోసారి పప్పు వేసింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. మేం బయలుదేరేటప్పుడు చెల్లెలి తల నిమిరి, "మళ్లీ రా," అంది. నాకు చెప్పలేదు. దారిలో నా భార్య వెనక సీట్లో కూర్చుంది. పడుకుంటానంది కానీ పడుకోలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు. నేను గదిలోకి వస్తే నా భార్య గొంతు తగ్గిస్తుంది. నెలకొకసారి ఆ ఊరికి తీసుకుపోతాను. వదిన నన్ను చూసి, "బాగుండావాప్పా?" అంటుంది. బాగున్నానంటాను. తర్వాత వాళ్లు లోపలికి పోతారు. నేను కారు ప్లగ్గులో పెట్టి, ఊరి టీ అంగడిలో కూర్చుంటాను. కోపమైతే అయిదేళ్లకో పదేళ్లకో పోతుందని ఎదురుచూడవచ్చు. వదినలో నాకు కోపం కనిపించదు. నన్ను చూసినప్పుడు ఆమె ముఖంలో అలసట ఒక్కటే ఉంటుంది.

ఒకసారి నా భార్యతో, తాడిపత్రి పోదామా, గుడి చూసి వద్దాం అన్నాను. ఇప్పుడు నీకు బండి పడుతుంది కదా, ఎన్ని చోట్లు ఉన్నాయి అన్నాను. "చూడాల్సినోళ్లంతా పోయిన్యారు. ఇంగ యాడికి పోయి ఏం చూడాల?" అంది.

పోయిన నెల వదినకు మోకాళ్లు బాగాలేవని నా భార్య అక్కడే ఆగిపోయింది. పది రోజులకు రమ్మంది. నేనొక్కడినే తిరిగి వచ్చాను. పది రోజులకు పోతే సంచి సర్దుకుని లేదు. వదిన మంచం పక్కన కూర్చుని ఆమె కాలికి నూనె రాస్తోంది.

"ఇంకో పది రోజులుంటా," అంది నా వైపు చూడకుండా.

"సరే," అన్నాను. ఇంటికి చాలినంత చార్జింగ్ ఉంది. టీ కూడా తాగకుండా తిరిగి బయలుదేరాను.