రిజెక్ట్. కారణం: అనుమానం

కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి షుగరు ఉంటుంది. మా స్టోర్స్ ఎడ్వర్డ్ గారికి అనుమానం ఉంది. రెండు పూటలా ఉంటుంది, మందు లేదు.

ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఓడల రిపేర్లకీ, స్టీలు ప్లాంటు పనులకీ ఇనప ప్లేట్లు కోసి, వంచి, వెల్డింగ్ చేసి పంపుతాం. నా పేరు సాయిశంకర్. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ డ్రాయింగులు గీసుకుంటున్నాను. ఎడ్వర్డ్ గారిది స్టోర్స్. ఎవరైనా వెళ్ళి బోల్టు అడిగితే ముందు అరిగిపోయిన పాత బోల్టు చూపించమంటారు. చూపిస్తే, ఇది మన బోల్టేనా అని అడుగుతారు. చర్చిలో పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామన్నప్పుడు ఈయన ఒక కన్ను తెరిచే ఉంచుతారని వాళ్ళావిడ మిరియం గారే మాతో చెప్పారు.

"అదేంటండీ, దేవుడి దగ్గర కూడానా?" అని ఆయన్నే అడిగాను.

"దేవుడి మీద నాకు పూర్తి నమ్మకం బాబూ. ఎనక బెంచీలోడి మీదే లేదు. కొత్త సెప్పులు బయట ఒగ్గేసి వచ్చేను" అన్నారాయన.

మా షెడ్డులో పన్నెండున్నరకి భోజనం, ఒంటిగంటా పదిహేనుకి సైరన్. తినడానికి ఇరవై నిమిషాలు, చేతులు కడుక్కోడానికి ఐదు. మిగిలిన ఇరవై నిమిషాలూ ఆట. ఆడేది నలుగురం: ఎడ్వర్డ్ గారు, నేను, క్రేన్ నడిపే త్రినాథరావు, వెల్డర్ జగ్గయ్య. ఓనరు కామరాజు గారు దీనికి ఒప్పుకుంటూ ఒకే షరతు పెట్టారు. ఆటలో గొడవొచ్చిందని తెలిస్తే ఆ రోజుతో ఆటలు బంద్.

ఈ ఆటలు మొదలైంది మూడేళ్ళ కిందట. అంతకుముందు మధ్యాహ్నం అంటే కబుర్లే. ఆ రోజుల్లో జగ్గయ్య మాతో కూర్చునేవాడు కాదు. క్యారేజీ పట్టుకుని ప్లేట్ల యార్డు వెనక్కి పోయి ఒక్కడే తినేవాడు. ఆయనంత వెల్డర్ చుట్టుపక్కల లేడు కాబట్టి గర్వమనుకున్నాం. పని మానేసి సొంతూరు పద్మనాభం పోతానని, వచ్చే నెల నుంచి రానని ఓనరుకి చెప్పేశాడు కూడా. సరిగ్గా ఆ వారంలోనే ఎడ్వర్డ్ గారు ఒక రేకు మీద సుద్దతో పులీ మేకా గీసి, జగ్గయ్యని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టారు. జగ్గయ్య ఆ నెలా మానలేదు, ఆ తర్వాతా మానలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఏ ఆట ఆడాలో తేల్చే అధికారం ఎడ్వర్డ్ గారిది. ఎవరిచ్చారని అడక్కండి. స్టోర్స్‌లోకి వచ్చిన సరుకు పరీక్షించి ట్యాగు కట్టడం ఆయన ఉద్యోగం కాబట్టి, షెడ్డులోకి వచ్చిన ఆట కూడా సరుకే అన్నారు. బాగుంటే పచ్చ ట్యాగు. లేకపోతే ఎర్ర ట్యాగు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు: "రిజెక్ట్. కారణం: అనుమానం."

క్యారమ్స్ తెచ్చాం. పౌడరు డబ్బా వాసన చూసి, "ఇది ఒక పక్కే ఎక్కువ జల్లుతారు" అని ఎర్ర ట్యాగు కట్టేశారు.

చెస్ తెచ్చాం. "ఇరవై నిమిషాల్లో అవ్వదు. పైగా ఒకడు ఆలోసిస్తా కూకుంటాడు. ఏటి ఆలోసిస్తన్నాడో మనకేటి తెలుస్తాది?" అన్నారు.

"ఆట గురించే కదండీ!"

"అదే నా అనుమానం."

లూడో పాచికని స్టోర్స్ కాటా మీద తూచి, అరవై సార్లు వేసి, ప్రతిసారీ గీత గీసుకున్నారు. ఆరు పద్నాలుగు సార్లు పడింది. "పది పడాల. మిగతా నాలుగూ ఎక్కడినుంచి వచ్చినాయి? ఎవుడు పంపినాడు?" అని నన్ను చూశారు. ఆ నాలుగు ఆర్లూ నేనే ఇంటి దగ్గర్నుంచి జేబులో వేసుకొచ్చినట్టు తడబడ్డాను.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆటలో నోరు విప్పకూడదన్న రూలు ఒక్కటే ఒక ఎత్తు. "నోటితో సెప్పకు, సేత్తో సూపించు. మాటలో మోసం ఉంటాది" అనేవారు. మేక పోయిందనడానికి చెయ్యూపాలి. నీ వంతు అనడానికి వేలు చూపించాలి. కొత్తగా వచ్చిన హెల్పర్లు మా నలుగురినీ దూరం నుంచి చూసి, వీళ్ళ మధ్య మాటల్లేవనుకుని బాధపడేవాళ్ళు.

మా అమ్మాయి ధనశ్రీ మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. వాళ్ళ ఆఫీసులో ఆటలకి ఒక అలమారా ఉంది. నా గోల వినలేక, పావుగంటలో అయిపోయే ఆటలు ఏరి మరీ ఆరు డబ్బాలు కొనిచ్చింది. ఎడ్వర్డ్ గారు వాటిలో రెండింటికి పచ్చ ట్యాగు కట్టారు. రంగు బిళ్ళలు జత చేసేదొకటి, కట్టె ముక్కలు పేర్చేదొకటి. మిగతా నాలుగింటికీ ఎర్రవే. ఒకటి పేర్లు పైకి చెప్పే ఆట, ఒకటి కథ అల్లే ఆట, ఒకటి ప్రశ్న అడిగే ఆట, ఆఖరుది చెవిలో మాట చెప్పే ఆట. ఆ చివరిదాని అట్టపెట్టెకి ఉన్న ప్లాస్టిక్ కవరు కూడా చింపనివ్వలేదు.

"సెవిలో సెప్పే ఆటా? ఇది ఆట కాదు బాబూ, కుట్ర" అని దాన్ని నా చేతిలో పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడు, ఈయనేమన్నా హరిశ్చంద్రుడా అనిపించింది. అనుమానం అంటుకునే జబ్బు. ఆ రోజు నుంచి నేను ఎడ్వర్డ్ గారిని అనుమానించడం మొదలుపెట్టాను.

దొరికాడు! మూడో రోజుకే దొరికాడు. ఆట మధ్యలో ఆయన వేలు పైకెత్తి గిరగిరా తిప్పుతున్నారు. ఒక్కోసారి వేలు కిందకి పెట్టి తిప్పుతున్నారు. ఒక్కోసారి అరచెయ్యి బోర్లించి చాపుతున్నారు. ఆ సైగలన్నీ జగ్గయ్యకే. జగ్గయ్య ఎందుకు అన్నిసార్లు గెలుస్తున్నాడో నాకు వెంటనే అర్థమైపోయింది. డ్రాయింగులు గీసే బుర్ర కదా, చిన్న పుస్తకంలో పట్టిక వేశాను. వేలు పైకి: వారంలో పందొమ్మిది సార్లు. అలా తిప్పినప్పుడల్లా జగ్గయ్య గట్టిగా నవ్వుతున్నాడు. అంటే, సైగ కనిపించకుండా ఉండటానికి నవ్వు ఒక ముసుగు అని పక్కనే రాసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

త్రినాథరావుకి చూపిస్తే ఆ పట్టిక తిరగేసి, ఇటు చూసి అటు చూసి, "ఒగ్గెయ్ బావా. మనకెందుకు?" అన్నాడు. వీడూ వాళ్ళతో కలిశాడని రాసుకున్నాను.

విశ్వకర్మ పూజ నాడు నాకు అవకాశం దొరికింది. మిషన్లకి బొట్లు పెట్టి, కొబ్బరికాయలు కొట్టాక పని ఉండదు. ఆ రోజు ఓనరు కామరాజు గారు కూడా మాతోపాటే పులిహోర తిన్నారు. తిన్నాక, "ఏదో ఆడుతుంటారు కదా, నేనూ కూర్చుంటాను. అరగంటలో వెళ్ళిపోవాలి, త్వరగా అయ్యేది తియ్యండి" అన్నారు.

చెవిలో మాట చెప్పే డబ్బా సంచిలోంచి తీశాను. అందరి ముందూ కత్తితో దాని ప్లాస్టిక్ కవరు కోశాను.

"అది రిజెక్ట్ అయిన సరుకు!" అన్నారు ఎడ్వర్డ్ గారు.

"ఓనరు గారి ముందు కూడా ట్యాగేనా అండీ?" అన్నాను నేను, చాలా మర్యాదగా. కామరాజు గారు నవ్వి, "కానివ్వవయ్యా ఎడ్వర్డూ" అన్నారు.

ఆటలో పెద్ద చిక్కేమీ లేదు. మొదటివాడు కార్డు మీదున్న మాట పక్కవాడి చెవిలో చెప్తాడు, వాడు ఆ పక్కవాడికి, చివరివాడు పైకి చెప్పాలి. నేనే వరస పెట్టాను. కామరాజు గారు, నేను, జగ్గయ్య, త్రినాథరావు, ఆ చివర ఎడ్వర్డ్ గారు. జగ్గయ్య మొహం ఎడ్వర్డ్ గారికి కనబడకుండా త్రినాథరావు భారీ శరీరాన్ని మధ్యలో పెట్టాను. సైగల్లేకపోతే దొంగలిద్దరూ తేలిపోతారు. ఓనరే సాక్షి.

కామరాజు గారు నా చెవిలో చెప్పారు. నేను వంగి జగ్గయ్య చెవిలో చెప్పాను.

జగ్గయ్య కదల్లేదు. ఇంకోసారి చెప్పాను. నా వైపు తిరిగి నా పెదాలకేసి చూశాడు. దొంగ మొహం ఎలా ఉంటుందో చూద్దామని వారం రోజులుగా ఎదురుచూసిన నాకు అక్కడ కనబడింది భయం. అరవైకి దగ్గరపడుతున్న మనిషి, పాఠం రాని పిల్లాడు మేష్టారి ముందు నిలబడినట్టు బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు.

"ఆపండి!"

ఎడ్వర్డ్ గారు లేచి నిలబడి అరచెయ్యి బోర్లించి చాపారు.

"ఈ ఆట సెల్లదు సార్. నాను మోసం సేసేను."

హెల్పర్లంతా దగ్గరికి వచ్చేశారు.

"రేతిరే ఆ కార్డులన్నీ సూసేసి పెట్టుకున్నాను. మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. గెలవాలని బుద్ధి పుట్టింది. తప్పయిపోనాది."

అందరూ పగలబడి నవ్వారు. హెల్పర్లు రేకులు కొట్టారు. లూడో పాచికని కాటా వేసినాయన, నాలుగు ఆర్లకి లెక్క అడిగినాయన, కార్డులు దొంగచూపు చూశాడట! కామరాజు గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఏమయ్యా, అందర్నీ దొంగల్ని చేసి చివరికి నువ్వా! గొడవైతే బంద్ అన్నాను కదా. ఆటలు బంద్ చెయ్యను గానీ, నెల రోజులు నువ్వు బంద్" అని లేచి వెళ్ళిపోయారు. ఆ సందట్లో జగ్గయ్యని ఎవరూ చూడలేదు.

చూసింది నేనొక్కణ్ణే. నా చేతిలో ఇంకా ఆ కవరు ముక్క ఉంది.

సాయంత్రం స్టోర్స్‌కి వెళ్ళాను. ఆయన వాషర్లు లెక్కపెడుతున్నారు.

"ఎడ్వర్డ్ గారూ, ఆ కవరు కోసింది నేను. ఇవాళే, అందరి ముందే కోశాను. రాత్రి కార్డులు ఎలా చూశారు?"

ఆయన వాషర్ల మీంచి కళ్ళెత్తలేదు. "నీకు అనుమానం ఎక్కువ బాబూ" అన్నారు.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. వాషర్ల డబ్బా మూసి ఆయనే చెప్పారు. "జగ్గయ్య ముప్ఫై ఏళ్ళు సుత్తి దెబ్బల మద్దిన, గ్రైండర్ల మద్దిన పని సేసినాడు. సెవులు పోనాయి. నలుగురూ మాటాడుకుంటంటే ఈడికేటీ ఇనపడదు. ఎందుకు నవ్వుతన్నారో తెల్దు. తననే అనుకుంటన్నారేమోనని అనుమానం. అందుకే ఎనక్కి పోయి కూకునీవోడు. ఎల్లిపోతానన్నాడు. మాట్లాడక్కర్లేని పని ఏదేనా ఉంటే మన మద్దిన కూకుంటాడు కదా అని ఆలోసించేను. ఇరవై నిమిషాలే కదా."

"మరి ఆ వేలు తిప్పడం?"

"క్రేన్ సైగలు బాబూ! క్రేన్ కింద మాటలెప్పుడు ఇనపడ్డాయి? ఎవులికైనా ఇయ్యే. వేలు పైకి తిప్పితే ఎత్తు. కిందకి తిప్పితే దించు. సెయ్యి బోర్లిస్తే ఆపు. ఆట సుట్టూ సేరినోళ్ళు ఏదో జోకేసినప్పుడు నాను 'ఎత్తు' అంటాను, ఆడు నవ్వుతాడు. సాలు అనుకుంటే 'ఆపు' అంటాను."

పదిహేనేళ్ళుగా ఆ షెడ్డులో జీతం తీసుకుంటూ, క్రేన్ సైగలు నాకు తెలియవు. మేడమీద ఏసీ గదిలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. చాలా సిగ్గేసింది. త్రినాథరావు "ఒగ్గెయ్ బావా" అని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. పట్టిక వేసిన పుస్తకాన్ని అక్కడే చింపేశాను. ఎడ్వర్డ్ గారు ఆ ముక్కలు కూడా లెక్కపెట్టి బుట్టలో వేశారు.

ఆయన బంద్‌లో ఉన్న నెల రోజులూ సైగల డ్యూటీ నాది. త్రినాథరావు నేర్పాడు గానీ నాకు ఎత్తూ దించూ తారుమారయ్యేవి. హెల్పరు ఎల్లారావు వాళ్ళ తాతగారి దినాల గురించి చెప్తుంటే నేను వేలు పైకి తిప్పాను. జగ్గయ్య విరగబడి నవ్వాడు. ఎల్లారావుకి సర్దిచెప్పడానికి నాకు రెండు టీలయ్యాయి. జగ్గయ్య నా చెయ్యి పట్టుకుని, వేలు కిందకి వంచి, "బాబూ, ఇది దించు" అని చూపించాడు. అంటే నేను ఎడ్వర్డ్ గారి డ్యూటీ చేస్తున్నానని ఆయనకి మొదటి రోజే తెలుసు.

ఆ నెలలోనే ఎడ్వర్డ్ గారు సెలవు పెట్టి జగ్గయ్యని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పని పోతే పోనీ అని జగ్గయ్యే ధైర్యం చేసి తన చెవుల సంగతి ఓనరుకి చెప్పేశాడు. కామరాజు గారు, "క్రేన్ కింద అందరూ చెవిటివాళ్ళే కదయ్యా, ఇన్నాళ్ళు దాచడమేంటి?" అని కోప్పడి, డాక్టరు కాగితం ఫైల్లో పెట్టుకుని, పనిలోనే ఉంచారు.

నెల గడిచింది. ఎడ్వర్డ్ గారు తిరిగి ఆటకి వచ్చిన రోజునే జగ్గయ్య చెవికి కొత్త మిషన్ పెట్టుకుని వచ్చాడు. మేం నలుగురం పులీ మేకా చుట్టూ కూర్చున్నాం. జగ్గయ్య మూడు మేకల్ని వరసగా కొట్టేశాడు.

ఎడ్వర్డ్ గారు కళ్ళు చిన్నవి చేసి ఆ మిషన్ కేసి చూశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే. దాన్ని దగ్గరుండి చెవికి పెట్టించిందీ ఆయనే.

"బావా, దాన్లో బ్లూటూత్ ఉన్నాదని డాట్రే సెప్పేడు. బయట్నించి ఎవుడో నీకు ఆట సెప్తన్నాడు. తీసి టేబుల్ మీద పెట్టు! ముందు దానికి ట్యాగు కట్టాల!"

మూడేళ్ళలో మొదటిసారి ఎడ్వర్డ్ గారి అరుపు పూర్తిగా విన్న జగ్గయ్య ఉలిక్కిపడ్డాడు. "ఈ మనిషి రోజూ ఇంత గట్టిగా అరుస్తాడేటి?" అని మమ్మల్ని అడిగాడు.

అవునన్నాం.

జగ్గయ్య మిషన్ తీసి చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఎడ్వర్డ్ గారు ఇంకా అరుస్తూనే ఉన్నారు. జగ్గయ్య ఆయన మొహం ముందు చెయ్యి చాపి, అరచెయ్యి బోర్లించాడు.

ఆ సైగ ఏమిటో ఇప్పుడు నాకూ తెలుసు. ఎడ్వర్డ్ గారు టక్కున నోరు మూసుకున్నారు. నేను వేలు పైకెత్తి గిరగిరా తిప్పాను, అందరం నవ్వాం.