రాసినవారి గడి

కొత్తగా చేరిన ఆడపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని కంపెనీవాళ్ళు ప్రతి ఏడూ నన్నే పిలుస్తారు. ప్రకటనలు, ప్రచారం, పత్రికలవాళ్ళతో వ్యవహారం, ఈ దారిలో ఆడది పైకెలా రావాలో చెప్పాలట. నేను వెళ్తాను, చెప్పాల్సినవన్నీ చెబుతాను, చప్పట్లు కొడతారు. ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదు. అన్నీ మేం ఒక్కమాటక్క అని పిలుచుకునే మా సీనియరువి. ఆ సంగతి ఏ ఏడూ నోరు విప్పి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను, ఇక్కడైతే ఎవరూ చప్పట్లు కొట్టరు.

మాది రంగుల కంపెనీ, గోడలకూ తలుపులకూ వేసే రంగులు. మూడో అంతస్తులో మా ప్రచార విభాగం: ఆరు బల్లలు, గాజు తలుపు ఉన్న గది ఒకటి. ఆ గది మా పెద్దాయనది. అక్క బల్ల జిరాక్సు మిషను పక్కన, ఎండాకాలం ఆ వేడంతా ఆమె మోచేతికే. “ఒక్కమాట” అంటూ ఎవరి బల్ల దగ్గరికి వచ్చినా పేజీకి పేజీ మారిపోయేది, అందుకే ఆ పేరు. నేను చేరేసరికే ఆమెకు పంతొమ్మిదేళ్ళ సర్వీసు. కంపెనీ తరఫున బయటికి వెళ్ళే ప్రతి ముక్కా ఆమె రాసిందే. పేపరు ప్రకటనలు, ఎండీ గారి ఉపన్యాసాలు, ఎండీ గారి మామగారు పోతే పలకరించిన వాళ్ళకు జవాబులు కూడా. ఆయన జీవితంలో మాట్లాడిన మంచి మాటలన్నీ ఈవిడవే. మిగిలినవి ఆయన సొంతం.

చేరిన మొదటి వారమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

“మీటింగులో నోట్సు రాయమంటే పెన్ను లేదని చెప్పు. ఒకసారి రాశావంటే రిటైరయ్యేదాకా నువ్వే రాస్తావు. టీ వచ్చినప్పుడు లేవకు. ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకుంటే చేతులేం అరిగిపోవు. నువ్వన్న మాటే ఇంకొకడు మళ్ళీ గట్టిగా అంటే, ‘అవునండీ, ఇందాక నేను చెప్పింది అదే’ అను. నవ్వుతూనే అను, కానీ అను.”

అలా చెబుతూనే టీ కప్పులు అందరికీ తనే అందించేది. చెప్పేటందుకే నీతులు అని నేను ఏడిపిస్తే, “నాకు ఎలాగూ అలవాటైపోయింది, నువ్వైనా బాగుపడు” అనేది.

ఆమె చెప్పినవాటిలో ఒక్క మాటే తప్పు. “మన రాతలో మన పేరు కనిపించకూడదే. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినామె ఫొటోలో నిలబడదు కదా.” ఆ ఒక్కటే ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

మా దగ్గర ప్రతి కాగితానికీ ఒక చీటీ గుచ్చుతారు. దాని మీద మూడు గళ్ళు: రాసినవారు, చూసినవారు, ఆమోదించినవారు. అక్క మొదటి గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంతకం పెడితే, “ఎండీ గారి మాటలు రాసినదానివి నువ్వేమిటమ్మా” అని ఎవరో పెద్దమనిషి నలుగురిలో నవ్వాడట. అంతే, మళ్ళీ పెట్టలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. నేను చేరిన ఏడాదే రికార్డు గదికి కొత్త గుమాస్తా వచ్చాడు. వట్టి చండశాసనుడు. కాగితాలు అప్పజెప్పడానికి వెళ్ళేది నేను.

“గడి ఖాళీగా ఉంటే తీసుకోను. తీసుకెళ్ళండి” అన్నాడు.

మళ్ళీ మెట్లెక్కి వచ్చి అక్కకు చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే, “నీ పేరు పడెయ్యవే, పోయేదేముంది” అంది. పడేశాను. ఆ తర్వాత అడగడం కూడా మానేశాను.

ఆదివారాలు వాళ్ళింట్లోనే నా భోజనం. రెండు గదుల ఇల్లు, రెంటికీ నడుమ తలుపు లేదు. అత్తగారి మంచానికీ టీవీకీ మధ్య బట్టలు ఇస్త్రీ చేసే బల్ల ఉండేది. అక్క ఇంట్లో రాసుకోవాలంటే అదే చోటు. ఆ అత్తగారే నాకు మామ్మగారు. ఆవిడ భూతద్దం పెట్టుకుని పేపరులో మా ప్రకటనంతా మూల మూలా వెతికేవారు.

“ఇంత కాగితంలో నీ పేరేదే కోడలా?”

“ప్రకటనల్లో పేర్లుండవత్తయ్యా.”

“మరి రాశావని నాకెలా తెలుస్తుందే? వంట నేను చేసి పక్కింటావిడ చేసిందంటే ఊరుకుంటానా?”

అందరం నవ్వేవాళ్ళం. నేను అందరికంటే గట్టిగా నవ్వేదాన్ని.

రెండో ఏడు వానలకు మా తెల్లరంగు ఒకటి పొక్కులు లేచి ఊడిపోయింది. ఒక ఇంట్లో కాదు, వేల ఇళ్ళలో. గోడల్లో చెమ్మ ఉందనీ, మా బాధ్యత లేదనీ వకీలుగారు రెండు పేజీలు రాసిచ్చారు. అక్క అది చదివి, పక్కన పెట్టి, పావుగంటలో రెండే వాక్యాలు రాసింది. “తప్పు గోడది కాదు, మాది. మీ ఇంటికి వచ్చి మళ్ళీ వేస్తాం.” మర్నాడు అదే పేపర్లలో వచ్చింది. ఎండీ గారి నిజాయితీని జనం వేనోళ్ళ పొగిడారు. ఆయనకు సన్మానాలు కూడా జరిగాయి. ఆ కాగితం చీటీ మీద, రాసినవారి గడిలో, నా పేరుంది.

మరో ఏడాదికి పెద్దాయన రిటైరయ్యే రోజు దగ్గరపడింది. అక్కకు ఇంకా ఐదేళ్ళుంది. ఆమె మొట్టమొదటిసారి నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నేనప్పుడే విన్నాను. “ఆ గాజు తలుపు వేసుకుని, లోపల కూర్చుని, ఎవరూ పిలవకుండా ఒక్క పేజీ రాయాలే. ఆ తర్వాత పంపించేసినా సరే.” ఆయన ఉద్యోగానికి నన్ను కూడా దరఖాస్తు పెట్టమన్నది తనే. “ఇద్దరం ఆడవాళ్ళం నిలబడితే బయటివాడెవడినీ తెచ్చి కూర్చోబెట్టలేరు. రేపు నా తర్వాతైనా నీకు పనికొస్తుంది” అంది.

ఇంటర్వ్యూలు ఆ గాజు తలుపు గదిలోనే. ముందు ఆమెనే లోపలికి పిలిచారు. ఏమేం రాశారని అడిగితే, “అన్నీ నేనే రాశానండీ” అందట. వాళ్ళ ముందు మూడేళ్ళ చీటీల కట్ట ఉంది. అందులో ఆమె పేరు ఒక్కదాని మీదా లేదు. ఒకాయన నవ్వాడట. ఇది ఆమె చెప్పలేదు, ఆ గదిలోనే ఉన్న ఇంకొకాయన తర్వాత నాకు చెప్పాడు, నన్ను పొగుడుతూ.

తర్వాత నేను వెళ్ళాను.

“తప్పు గోడది కాదు, మాది. ఇది మీరేనా?” అని ఎండీ గారు చీటీ నా వైపు తిప్పారు.

కాదు సార్, అక్క రాసింది. ఆ నాలుగు ముక్కలు నా నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. నాకు ఆ కుర్చీ కావాలి. దీనికి ఇంకే సాకూ చెప్పను. బయట అక్క జిరాక్సు మిషను పక్కన కూర్చుని ఉంది, గాజులోంచి ఆమె వీపు కనబడుతోంది.

“అందరం కలిసే చేశాం సార్” అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పని చేసి కూడా ఎంత వినయం, అన్నారు.

ఉద్యోగం నాకు ఇచ్చారు. పత్రికలకు ఆ కబురు ఎవరు రాయాలి? ఇంకెవరు. చీటీల కట్ట ఆమె చేతికే ఇచ్చి, ఇందులోంచి విషయం తీసుకుని రాయమన్నారు. నేను ఆ గదిలో కూర్చున్న మొదటి రోజు, నా సంతకం కోసం వచ్చిన మొదటి కాగితం అదే.

“ఒక్కమాట” అంది అక్క, గాజు తలుపు దగ్గర నిలబడి. “మూడో పేరా చూడు. తప్పుంటే కొట్టెయ్. ఇప్పుడు ఆమోదించేది నువ్వే.”

చూశాను. “‘తప్పు గోడది కాదు, మాది’ అన్న ఒక్క వాక్యంతో వేల ఇళ్ళ నమ్మకం నిలబెట్టిన రచయిత్రి ఈమే.” నా అబద్ధాన్ని కూడా నాకంటే బాగా రాసింది. ఇలాంటి కబుర్లకు అడుగున ఎవరో ఒక సీనియరు అభినందన ఉండటం మా రివాజు. అదీ ఉంది. “‘ఈమెకు పని నేర్పడం నా అదృష్టం’ అన్నారు” అని, కింద తన పేరు, ఇంటిపేరుతో సహా. చీటీ తిప్పాను. రాసినవారి గడిలో ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అక్క సంతకం.

పెన్ను నా చేతిలోనే ఉంది. ఒక్క గీత గీస్తే సరిపోయేది. ఆమె తొందరపెట్టలేదు. నేను మూడో గడిలో సంతకం చేశాను.

“సరే మేడం” అని కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నన్ను ‘ఏమే’ అని పిలవలేదు.

ఆదివారం ఆ కబురు పేపర్లో పడింది. పొద్దున్నే మామ్మగారి ఫోను.

“ఏమ్మా, పెద్ద ఉద్యోగం వచ్చిందటగా, చల్లగా ఉండు. ఇన్నేళ్ళకి మా కోడలి పేరు పేపర్లో వేయించావు. భూతద్దం పెట్టి మూడుసార్లు చదివాను. ఇది మాత్రం నీ చలవే తల్లీ. ఆ ముక్క కత్తిరించి ఇమ్మంటే, కత్తెర కనపడటంలేదంటుంది మీ అక్క. ఎక్కడికి పోతుందే కత్తెర? నువ్వైనా వచ్చి కత్తిరించి పెట్టు.”

వస్తాను మామ్మగారూ అన్నాను. ఇప్పటిదాకా వెళ్ళలేదు.