సంచిలో కళ్లజోడు

జనగామ నుంచి తొర్రూరు పోయే బస్సులో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చున్నాడు. నా షటిల్ బ్యాటు సంచిలోంచి కళ్లజోడు జారి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఆటలో కంటికి దెబ్బ తగలకుండా పెట్టుకునే వెడల్పాటి జోడు అది.

తీసి ఇస్తూ, "కొత్తగనే ఉన్నది. పెట్టుకోవా బిడ్డా?" అన్నాడు.

"పెట్టుకుంటే కప్ప లెక్కున్నవని తోటోళ్లు నవ్వుతున్నరు బాపు."

ఆయన తన నల్లద్దాలు తీశాడు. ఎడమ కన్ను తెల్లగా ఉంది.

"చిన్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటే చిర్ర, గా చిన్న కట్టెముక్క, ఎగిరొచ్చి కంటికి తాకింది. నన్ను జూసి ఎవ్వలు నవ్వరు బిడ్డా. అయ్యో పాపం అంటరు."

పెద్దవంగరలో దిగిపోయాడు.

ఆ సాయంత్రం జోడు పెట్టుకునే ఆటకు దిగాను. "కప్ప వచ్చిందిరా!" అని అందరూ పగలబడి నవ్వారు.

ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.